వాటాలు ఎందరికో, బాధ్యత ఎవరికి?

ముంబయిలో కాలాఘోడా వద్ద, హైకోర్టుకు కూతవేటు దూరంలో ఉన్న ఎస్ప్లనేడ్ మాన్షన్‌ను 2019లో న్యాయస్థానం ఆదేశాల మేరకు ఖాళీ చేయించారు. దేశంలో మిగిలివున్న పోత ఇనుప కట్టడాలలో అత్యంత పురాతనమైనదిగా పేరొందిన ఆ భవనం పూర్వనామం వాట్సన్స్ హోటల్. ఇంగ్లండులో పోతపోసిన స్తంభాలను, దూలాలను ఓడలపై తెచ్చి 1860 దశకంలో ఇక్కడ బిగించి నిలబెట్టారు. 1896 జూలై 7న లూమియర్ సోదరుల చలనచిత్రాలను మన దేశంలో తొలిసారిగా ప్రదర్శించింది అక్కడే. మార్క్ ట్వేన్ బస చేసిందీ అక్కడే. హోటలు మూతపడిన తరువాత విశాలమైన గదులను చిన్న చిన్న అరలుగా చీల్చి అద్దెకిచ్చారు. కోర్టులు పక్కనే ఉన్నందున న్యాయవాదుల ఛాంబర్లు, చిన్న వ్యాపార కార్యాలయాలు వాటిని నింపివేశాయి. 2005లో భవనంలో కొంతభాగం కూలి ఒకరు మరణించారు. ప్రపంచంలో ప్రమాదపుటంచున ఉన్న 100 కట్టడాల 2006 జాబితాలో దాని పేరు చేరింది. అయినా జరిగిందేమీ లేదు. చట్టం క్షుణ్ణంగా తెలిసినవారే అద్దెకున్న భవనం, రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నీడలో ఉన్న భవనం, అందరి కళ్లెదుటే శిథిలమైపోయింది. యజమాని చేయవలసిందెంత, అద్దెదారులు భరించవలసిందెంత, ప్రభుత్వ మరమ్మతుల సంస్థ పూనుకోవలసిందెప్పుడు అన్న వాదోపవాదాలు ఏళ్ల తరబడి సాగుతున్నంత కాలమూ ఇనుము తుప్పు పడుతూనే ఉన్నది.

ఎస్ప్లనేడ్ మాన్షన్ ప్రఖ్యాతమైనది కనుక దాని గురించి నలుగురూ మాట్లాడారు. పేరూ ప్రఖ్యాతీ లేని ఇటువంటి భవనాలు కోల్‌కతా డల్హౌసీ స్క్వేర్ పరిసరాల్లో, ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో, చెన్నై జార్జిటౌన్‌లో, హైదరాబాదు ఆబిడ్స్‌లో, విజయవాడ వన్‌టౌన్‌లో కోకొల్లలు. వీటి కథ దాదాపు ఒకటే. వ్యాపారంలో నాలుగు డబ్బులు వెనకేసుకున్న తాతగారు నడివీధిలో స్థలం కొని మూడంతస్తుల మేడ కట్టిస్తారు. కింద దుకాణాలు, పైన ఒక బ్యాంకు శాఖ, బీమా కార్యాలయం, ఆడిటరు, లాయరు. నెల మొదటివారంలో గుమాస్తా వెళ్లి అద్దెలు వసూలు చేసి రసీదులు ఇస్తాడు. ఏటా పండుగ ముందు గోడలకు సున్నం పడుతుంది. ఎక్కడ పెచ్చు ఊడినా మేస్త్రీకి కబురు వెడుతుంది. తాతగారు కాలం చేస్తారు. కొడుకులు, కూతుళ్లు, వారి సంతానం కలిసి మూడో తరానికి వాటాదార్లు పదిహేను మంది అవుతారు. కొందరు బెంగుళూరులో, కొందరు అమెరికాలో స్థిరపడతారు. ముఖ్తారునామా ఎవరి పేరు మీద ఉన్నదో, అది చెల్లుతుందో లేదో గుమాస్తాకే తెలియదు. అద్దెలో భాగం అడిగే హక్కు పదిహేను మందికీ ఉన్నది. నీళ్లు కారుతున్న పైపును బాగు చేయించే బాధ్యత మాత్రం ఏ ఒక్కరిదీ కాదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత పశువుల కోసమే పుట్టినది కాదు.

ఈ దుస్థితికి భవన యజమానులు చూపే కారణం ఒక్కటే: అద్దె నియంత్రణ చట్టాలు. అందులో నిజం లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగింపులో, 1918లో బొంబాయిలో మొదలైన అద్దెల అదుపు రెండో యుద్ధకాలంలో దేశమంతటా వ్యాపించింది. సరకులూ ఇళ్లూ కరువై, సైన్యానికీ వలస వచ్చినవారికీ తలదాచుకునే చోటు దొరకని రోజులవి. యజమానుల ఇష్టారాజ్యానికి పగ్గం వేయడం ఆనాడు న్యాయమే. అయితే తాత్కాలికమని చెప్పి తెచ్చిన ఏర్పాటు ఈ దేశంలో తాత్కాలికంగా ఉండిపోయిన దాఖలాలు అరుదు. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెనే ప్రామాణికంగా గడ్డకట్టించింది. యుద్ధం ముగిసింది, స్వాతంత్ర్యం వచ్చింది, రూపాయి విలువ అడుగంటింది. అద్దె మాత్రం కదలలేదు. యజమానికి న్యాయంగా రావలసినది రాకపోయేసరికి అన్యాయంగా రాబట్టుకునే మార్గాలు పుట్టుకొచ్చాయి. గది చేతులు మారినప్పుడల్లా పగడీ పేరుతో రసీదు లేని సొమ్ము చేతులు మారింది. అద్దె వందల్లో, పగడీ లక్షల్లో. ఆ లక్షల్లో భవనం గోడకు చేరినది ఎంతో ఊహించుకోవలసిందే.

మరమ్మతుల విషయంలో చట్టం చేసిన ఏర్పాటు ఇంతకన్నా విచిత్రం. యజమాని భవనాన్ని బాగుచేయించకపోతే నోటీసు ఇచ్చి అద్దెదారే ఆ పని చేయించుకుని, ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చునని చట్టాలు చెబుతున్నాయి. వినడానికి బాగానే ఉన్నది. కానీ ఢిల్లీ చట్టం ప్రకారం అట్లా మినహాయించుకోగలది ఏడాది అద్దెలో పన్నెండో వంతు. మహారాష్ట్ర చట్టం ప్రకారం నాలుగో వంతు. నెలకు 200 రూపాయల పాత అద్దె చెల్లించే గదిని తీసుకుంటే ఢిల్లీలో సంవత్సరానికి 200 రూపాయలు, ముంబయిలో 600 రూపాయలు. ఈ మొత్తంతో తాపీమేస్త్రీ ఒక్కరోజు కూడా పనికి రాడు. మహారాష్ట్రలో 2000 సంవత్సరం మార్చి ఆఖరున అమలులోకి వచ్చిన కొత్త చట్టం ఏటా 4 శాతం పెంపును అనుమతించింది. ఆ లెక్కన పై 200 రూపాయల అద్దె పాతికేళ్లు గడిచాక 533 రూపాయల దగ్గర ఆగుతుంది. లిఫ్టు తాడు ధర 4 శాతం చొప్పున పెరగడం లేదన్న సంగతి శాసనకర్తలకు తెలియదనుకోలేము.

న్యాయస్థానాలు ఈ వైపరీత్యాన్ని గుర్తించకపోలేదు. గుర్తించిన ప్రతిసారీ అవి ఒక ముడి విప్పగా మరొకటి మిగిలింది. కొత్త కట్టడాలకు మినహాయింపునిచ్చి, 1957 ఆగస్టు 26కు ముందు కట్టిన వాటికే నియంత్రణను పరిమితం చేసిన ఆంధ్రప్రదేశ్ చట్టంలోని నిబంధనను 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాలం గడిచేకొద్దీ ఆ విభజనకు హేతువు నశించిందన్నది ధర్మాసనం తర్కం. 1985లో జ్ఞానదేవి ఆనంద్ కేసులో వాణిజ్య స్థలాల అద్దె హక్కు వారసులకు సంక్రమిస్తుందని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అంటే యజమాని మనుమలతో అద్దెదారు మనుమలు తలపడే రంగం సిద్ధమైంది. 1997 డిసెంబరులో మల్పే విశ్వనాథ ఆచార్య కేసులో, 1940 నాటి అద్దెను అర్ధశతాబ్దం పైగా స్తంభింపజేయడం నిర్హేతుకమని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఢిల్లీలో సొంత అవసరానికి ఖాళీ చేయించుకునే హక్కును నివాసగృహాలకే పరిమితం చేయడం తగదని 2008లో చెప్పింది. మరోవైపు, పార్లమెంటు ఆమోదించి రాష్ట్రపతి సంతకం కూడా చేసిన 1995 నాటి ఢిల్లీ అద్దె చట్టం వ్యాపారుల ఆందోళన ఫలితంగా ఏనాడూ అమలులోకి రాలేదు. ఓటు గల అద్దెదారులు వేలల్లో, యజమానులు పదుల్లో ఉన్నచోట శాసనసభలు ఎటు మొగ్గుతాయో చెప్పనవసరం లేదు.

అయితే యజమానుల వాదాన్ని పూర్తిగా అంగీకరించడానికి అడ్డు వచ్చే వాస్తవాలు కొన్ని ఉన్నాయి. నియంత్రణ తొలగి బజారు ధరకు అద్దె వస్తే భవనాలు వాటంతటవే బాగుపడతాయన్నది ఆ వాదం. కోల్‌కతా పార్కు స్ట్రీటులోని స్టీఫెన్ కోర్టు 2010 మార్చి 23న తగలబడి 43 మంది మరణించారు. ఆర్మీనియన్ వ్యాపారి ఆరతూన్ స్టీఫెన్ పేరు మోస్తున్న ఆ భవనంపై దశాబ్దాల అనంతరం అనుమతి లేకుండా అంతస్తులు లేపారని, మంటల నుంచి పైకి పరుగెత్తినవారికి డాబా తలుపు తాళం వేసి ఎదురైందని అప్పట్లో వెల్లడైంది. అంతస్తులు లేపడానికి దొరికిన డబ్బు రెండో మెట్లదారి కట్టడానికి దొరకలేదన్నమాట. పొరుగున బంగ్లాదేశ్ అనుభవం ఇంతకంటే ఘోరం. ఢాకా సమీపంలోని సావర్‌లో రాణా ప్లాజా 2013 ఏప్రిల్ 24న కూలి 1,100 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ముందురోజు గోడలకు పగుళ్లు కనబడగానే అందులోని బ్యాంకు, దుకాణాలు తలుపులు మూశాయి. దుస్తుల కర్మాగారాల కార్మికులను మాత్రం మర్నాడు పనికి రప్పించారు. 2019 మార్చి 28న ఢాకా బనానీ ప్రాంతంలో 25 మందికి పైగా బలిగొన్న ఎఫ్‌ఆర్ టవర్ 18 అంతస్తులకు అనుమతి పొంది అంతకు మించి లేచిన కార్యాలయ భవనం. ఈ రెంటిలోనూ అద్దెలు స్తంభించలేదు. ఆదాయం లేక పాడైన భవనాలు కొన్నయితే, ఆదాయం మీద ఆశతో చేజేతులా పాడుచేసిన భవనాలు మరికొన్ని. కనుక అద్దె ఎంత అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఆ భవనానికి జవాబుదారీ ఎవరు అన్నది అంతకుముందు తేలవలసిన ప్రశ్న.

ఇక్కడే కుటుంబ యాజమాన్యం సంగతి ప్రస్తావనకు వస్తుంది. వ్యాపారవర్గాల్లో చాలామంది తమ భవనాన్ని హిందూ అవిభక్త కుటుంబపు ఆస్తిగానూ, పెద్దకొడుకును దానికి కర్తగానూ భావిస్తూ ఉంటారు. చట్టం దృష్టిలో పరిస్థితి తరచు వేరు. తాతగారి స్వార్జితం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం సంక్రమించినప్పుడు వారసులు ఎవరి వాటాకు వారు విడివిడిగా హక్కుదారులు అవుతారు. కర్త అనేవాడు ఉండడు. పూర్వీకుల ఆస్తి విషయంలో కుమార్తెలకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే కల్పించగా, దేశమంతటికీ ఆ న్యాయం 2005 సవరణతో దక్కింది. వాటాదార్ల సంఖ్య పెరగడం వల్లనే భవనాలు పాడవుతున్నాయని, అందుచేత ఆడపిల్లలు హక్కు వదులుకుని సంతకాలు చేయాలని ఒత్తిడి తెచ్చే పెద్దలు నేటికీ ఉన్నారు. ఇది నేరాన్ని నిరపరాధుల మీదకు నెట్టడమే. వాటా అనేది న్యాయం. లేనిదల్లా నిర్వహణకు ఒక ఏర్పాటు. చట్టం కూడా ఈ అయోమయాన్ని పెంచింది. సహవాటాదార్లలో ఏ ఒక్కరైనా అద్దెదారుపై ఖాళీ చేయించే దావా వేయవచ్చునని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. కానీ ఏ ఒక్కరినైనా పిలిచి పైకప్పు ఎందుకు బాగుచేయించలేదని అడిగితే మిగిలిన పద్నాలుగు మంది వైపు వేలు చూపడానికి అడ్డేమీ లేదు.

పంపకాల దావా పడిందంటే ఇక చెప్పేదేమున్నది! మేడను నిలువునా కోసి పంచలేరు. అట్టి ఆస్తిని సగం లేదా అంతకు మించిన వాటాదార్లు కోరితే అమ్మి సొమ్ము పంచవచ్చునని 1893 నాటి విభజన చట్టం వీలు కల్పించింది. ఆచరణలో మాత్రం యథాతథస్థితి ఉత్తర్వు రావడం, దావా రెండు తరాలు సాగడం పరిపాటి. యథాతథస్థితి కాగితం మీదే ఉంటుంది. రావిమొలక గోడలో వేళ్లు దించడం ఏ ఉత్తర్వూ ఆపలేదు. రిసీవరును నియమించే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 40వ ఆర్డరు కింద న్యాయస్థానాలకు ఉండనే ఉన్నది. అద్దెదారులతో, ఖాతాదారులతో నిత్యం కిటకిటలాడే భవనం వివాదంలో చిక్కినప్పుడు, ఎవరి వాటా ఎంతన్నది తేలేలోగా అద్దె సొమ్ములోంచి మరమ్మతులు చేయించే పనిని ఒకరికి అప్పగించడం కక్షిదారులు కోరితే తప్ప చేయకూడని పనేమీ కాదు.

వివేకం గల కుటుంబాలు ఈ చిక్కును ముందే గ్రహించాయి. న్యూఢిల్లీ నిర్మాణంలో ప్రముఖ కాంట్రాక్టరైన సర్ శోభాసింగ్ కట్టించిన సుజాన్ సింగ్ పార్క్ ప్రధానంగా నివాస సముదాయమే అయినా, దాని యాజమాన్యం సర్ శోభాసింగ్ అండ్ సన్స్ ప్రైవేట్ లిమిటెడ్ అనే కంపెనీ పేరిట సాగడం గమనార్హం. కంపెనీ రూపంలో వారసులు పంచుకునేది షేర్లనే కాని గోడలను కాదు. నోటీసు ఎవరికి ఇవ్వాలో, కోర్టుకు ఎవరిని పిలవాలో తడుముకోనక్కరలేదు. కంపెనీ పెట్టినంత మాత్రాన కలహాలు రావని కాదు. వాటిని గది బయట ఉంచి భవనం పని భవనం చేసుకుపోయే వీలుంటుంది. సెబీ 2024 మార్చిలో 50 కోట్ల నుంచి 500 కోట్ల రూపాయల లోపు విలువ గల స్థిరాస్తులకు చిన్న రీట్ పథకాలను అనుమతించింది. కొత్త కార్యాలయ భవనాలకు అది మార్గం కావచ్చు. నెలకు 200 రూపాయల అద్దె వచ్చే గదుల సముదాయంలో పది లక్షలు మదుపు చేయడానికి ముందుకు వచ్చేదెవరు?

ఆదాయపు పన్ను విషయం ఎందుకనో ఈ చర్చలో ఎవరూ ఎత్తరు. అద్దెకిచ్చిన భవనంపై వచ్చే ఆదాయంలో, స్థానిక పన్నులు పోను మిగిలిన దానిలో 30 శాతాన్ని ప్రభుత్వం పన్ను లేకుండా మినహాయిస్తున్నది. మరమ్మతులు, వసూలు ఖర్చులు వంటివాటి నిమిత్తం ఇచ్చే ఈ రాయితీకి రసీదులు చూపనక్కరలేదు. ఒక్క రూపాయి ఖర్చుపెట్టకున్నా 30 శాతం దక్కుతుంది. యాభై శాతం ఖర్చుపెట్టి భవనాన్ని అద్దంలా ఉంచినా దక్కేది అదే 30 శాతం. గృహస్థు అద్దెకిచ్చే రెండు గదుల వాటాకు ఈ సౌలభ్యం సమంజసమే. యాభై కార్యాలయాలు గల మేడకు కూడా అదే సూత్రం వర్తింపజేయడం నిర్లక్ష్యానికి బహుమానం ఇవ్వడం కాక మరేమిటి? ఒక స్థాయికి మించిన వాణిజ్య భవనాలకు ఈ మినహాయింపులో కొంతభాగాన్ని ప్రత్యేక మరమ్మతు ఖాతాలో జమ చేసినప్పుడే వర్తింపజేస్తే, ఖజానాకు పైసా భారం లేకుండా నిధి ఏర్పడుతుంది.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కొన్ని విషయాల్లో మెరుగైనదే. ఏ మరమ్మతు ఎవరు చేయించాలో అది అనుబంధంలో పేర్కొన్నది. యజమాని చేయించకపోతే అద్దెదారు నెల అద్దెలో సగం వరకు మినహాయించుకోవచ్చునన్నది. నివాసేతర స్థలాలకు అడ్వాన్సు ఆరు నెలల అద్దెకు మించరాదన్నది. అయితే అది ముందుకాలపు ఒప్పందాలకే గాని అప్పటికే సాగుతున్న అద్దెలకు వర్తించదు. అంటే అత్యధిక ప్రమాదంలో ఉన్న పాత భవనాలను చట్టం చేయి వేయకుండా దాటిపోయింది. పాత అద్దెదారుల ఆగ్రహానికి వెరచి చేసిన ఈ దాటవేతను అర్థం చేసుకోవచ్చు గాని సమర్థించలేము. విభజిత ఆంధ్రప్రదేశ్ నివాస, నివాసేతర స్థలాలకు 2017లో కొత్త చట్టం చేసుకోగా తెలంగాణ 1960 నాటి చట్టంతోనే నెట్టుకొస్తున్నది. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకు ఉక్కిరిబిక్కిరై ఆరుగురు యువతీయువకులు కన్నుమూశారు. బతుకుతెరువుకు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు వారు. అది ఒక కుటుంబపు ఆస్తి కాదు, అనేక యజమానుల సముదాయం. కానీ మెట్లదారిని, విద్యుత్ తీగలను తనవిగా ఎంచే ఒక్క మనిషి లేకపోవడమన్న లోపం రెండుచోట్లా ఒకటే.

పాత అద్దెలను సవరించవలసిందే. అయితే సవరణ పేరిట ముప్పయ్యేళ్లుగా మెట్లకింద టైపుమిషను పెట్టుకుని బతుకుతున్న మనిషినీ, అదే భవనంలో నామమాత్రపు అద్దెకు అంతస్తంతా ఆక్రమించిన సంస్థనూ ఒకే గాటన కట్టరాదు. బ్యాంకులను, ప్రభుత్వరంగ సంస్థలను, కోటి రూపాయలు అంతకు మించిన మూలధనం గల కంపెనీలను రక్షణ నుంచి తప్పించిన మహారాష్ట్ర పద్ధతి ఈ విషయంలో ఆదర్శప్రాయమైనది. చిన్నవారికి అంచెలంచెలుగా, అదీ భవనం సురక్షితమన్న ఇంజనీరు ధ్రువపత్రం యజమాని చూపిన మీదటనే పెంపు వర్తించాలి. అద్దె పెరగాలంటే ముందు గోడ నిలబడాలన్న షరతు పెడితే, పదిహేను మంది వాటాదార్లు తమలో ఒకరిని నిర్వాహకునిగా ఎంచుకోవడానికి పదిహేను రోజులు చాలు. ఆ నిర్వాహకుని పేరు పురపాలక సంఘంలో నమోదు కావాలి, భవనం ముఖద్వారం వద్ద రాసి ఉండాలి. పేరు నమోదు చేయని భవనాలకు కొత్త వ్యాపార లైసెన్సులు నిలిపివేస్తే దారికి రానివారుండరు.

ఇక అద్దెదారుల భయం ఒకటున్నది. శిథిల భవనమని నోటీసు అంటించినా వారు కదలకపోవడానికి మొండితనం కారణం కాదు. ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి రానివ్వరన్న అనుమానమే కారణం. భవనం కూల్చివేసినంత మాత్రాన అద్దె హక్కు నశించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది గాని, చేతిలో కాగితం లేని చిరువ్యాపారికి ఆ తీర్పు భరోసా ఇవ్వదు. ముంబయిలో ఖాళీ చేయించేముందు ఎవరి గది ఎన్ని చదరపుటడుగులో కొలిచి నమోదు చేసే పద్ధతి ఉన్నది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం నగరపాలక సంస్థలు ఏటా వానాకాలానికి ముందు శిథిల భవనాలకు నోటీసులు ఇచ్చేటప్పుడే ఈ కొలతలు తీసి, సంతకం చేసిన నకలు ఒక్కో అద్దెదారుకు అందజేయవచ్చు. దీనికి శాసనసభ సమావేశం కావలసిన పనిలేదు. కమిషనరు సర్క్యులర్ ఒకటి చాలు.